ఇంజను మనది, తాళపుచెవి పరాయివానిది

మా గజపతినగరము సముద్రతీరమునందలి ఊరు కాదు. ఇచ్చట రైలుకూత వినబడును గాని కెరటముల హోరు వినబడదు. అయినను మా ఊరి ప్రక్కనుండి పారు చంపావతి కోనాడయొద్ద సముద్రమున గలియుచున్నది. నది పోవుచోటికి మన ఆలోచన పోరాదా? మొన్న పఠనమందిరమున ఒక పెద్దమనిషి నన్ను జూచి, “వకీలుగారూ! ఓడయంత్రముల గొడవ మనకెందుకండీ? వడ్లధర గూర్చి నాలుగు మాటలు వ్రాయరాదా?” అని పరిహసించెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆ నవ్వునకు సమాధానముగనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన సంతకు వచ్చు చేప మరబోటుపై వచ్చుచున్నది. ఆ మరబోటునకు ప్రభుత్వమిచ్చు రాయితీ మనమందరము కట్టిన పన్నుల ధనము. ఆ బోటు నడిపించునది డీసిలు ఇంజను. అది విదేశమునుండి వచ్చినదైనప్పుడు దానితోపాటు మనము కొనుచున్నదేమి, కొనలేకపోవుచున్నదేమి అను ప్రశ్న జాలరి కొక్కనికే సంబంధించినది కాదు. ఇది మన స్వాతంత్ర్యమునకు సంబంధించిన ప్రశ్న.

కొన్నేండ్ల క్రిందట తీరగ్రామమునుండి ఒక మరబోటు యజమాని నాయొద్దకు వచ్చెను. అతని పేరు చెప్పను. అమ్మిన వ్యాపారి పేరును చెప్పను. వివాదము రాజీ అయినది. ఇంటి ఇల్లాలి నగలు, బ్యాంకు అప్పు, ముగ్గురన్నదమ్ముల కష్టార్జితము ఒక్కచోట పోగుచేసి అతడొక విదేశపు ఇంజను కొనెను. దాని రంగు తళతళ మెరయుచుండెను. పలకమీద అశ్వశక్తి అంకె పెద్దదిగ నుండెను. వెల చూడగా స్వదేశపు ఇంజనుకంటె తక్కువ. మొదటి యేడు గంగమ్మ కరుణించినది. రెండవయేట అరువదియొక్క దినముల వేటనిషేధము ముగిసి, జూన్ 15న తక్కిన బోట్లన్నియు కడలిపైకి సాగినవి. ఇతని బోటున ఉప్పునీటి పంపు చెడినది. నిజమునకు చెడినది పంపు కూడ కాదు. పంపులోని సీలు, రబ్బరు చక్రము. రెండును అరచేతిలో నిముడు వస్తువులు. వ్యాపారి “సరుకు రావలయు”ననెను. నెల గడచెను, రెండవ నెలయు గడచెను. తుదకు ఊరి మేస్త్రీ వేరొక పంపుచక్రమును అరగదీసి అమర్చెను. నీరు చాలినంత ప్రవహింపక ఇంజను కాగి, సిలిండరు హెడ్డు పగిలిపోయినది. ఆ హెడ్డునకు మరల నిరీక్షణ!

“ఏటి సేత్తాం బాబూ! కొన్నప్పుడు కొత్త పెళ్లికొడుకునాగుండేది. గుప్పెడు రబ్బరు దొరక్క పీనుగైపోనాది” అని అతడు నా గుమ్మమున చతికిలబడెను. అతని కళాసీలలో కొందరు బ్రతుకుతెరువు వెదకుకొనుచు గుజరాతులోని వెరావలునకు వలసపోయిరి. ఆ వలస యెట్టిదో పాఠకు లెరుగుదురు. 2018 నవంబరులో వెరావలు బోట్లపై పనిచేయుచున్న మన శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల జాలరులను పాకిస్థానువారు పట్టుకొనిపోగా, వారిలో 20 మంది 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి రాలేకపోయిరి. సొంత తీరమున పని లేనివాడు పరాయి తీరమున బందీ యగుచున్నాడు. సొంత తీరమున పని లేకుండుటకు కారణములనేకములు. ఒడ్డున మూలుగుచున్న బోటు వానిలో నొకటి.

తప్పెవరిది? “చదువు లేనివాడు, చూచి కొనవలదా?” యని పట్టణవాసులు సులభముగ ననుచున్నారు. చదువుకొన్న మనమేమి చూచి కొనుచున్నాము? అంకెలు చూచి, మెరుగు చూచి, తక్కువ వెల చూచి కొనుటయే గదా! కావున ఇంజను మంచిచెడ్డలు పరీక్షించు మార్గమును ముందు తేటగ చెప్పుకొందము.

మొదటిది శక్తి. పలకమీద వ్రాసిన అశ్వశక్తి రెండు విధములుగ నుండవచ్చును. కొంతసేపు మాత్రము ఇయ్యగల గరిష్ఠశక్తి యొకటి. రేయింబవళ్లు ఎడతెగక ఇయ్యగల నిత్యశక్తి యొకటి. నౌకాయంత్రముల వాడుకలో నిత్యశక్తికి పైన నూటికి పది వంతుల అదనపు భారమును పండ్రెండు గంటలలో ఒక్క గంట మాత్రమే మోపవచ్చునని ఆచారము. విహారపు పడవకై లెక్కించిన అంకెను వేటబోటునకు చూపి అమ్మువాడు అబద్ధమాడుట లేదు, నిజమును దాచుచున్నాడు. నిమిషమునకు ఎన్ని చుట్లు తిరిగినప్పుడు ఆ శక్తి వచ్చుననికూడ అడుగవలయును. ఒకే శక్తిని 1,800 చుట్లలో ఇచ్చు ఇంజను బరువుగ నుండును, వెలయు హెచ్చు. 3,000 చుట్లలో ఇచ్చునది తేలికగ నుండును, వెలయు తక్కువ. వలలాగుచు గంటల తరబడి శ్రమించు పనికి నెమ్మదిగ తిరుగునదే సాధారణముగ ఎక్కువకాలము బ్రతుకును.

రెండవది ఉప్పునీటికి తాళుగుణము. లారీ ఇంజనునకు నీలిరంగు పూసి “మెరైన్” అని పలక తగిలించినంత మాత్రమున అది సముద్రపు ఇంజను కాజాలదు. సముద్రజలము పారు గొట్టములు రాగి-నికెలు మిశ్రమముతో చేసినవా? తుప్పును తనమీద వేసికొని తక్కిన లోహమును కాపాడు జింకు కడ్డీలున్నవా? వానిని మార్చుటకు చేయి పట్టునా? సిలిండరులోని లైనరు అరిగినచో తీసి క్రొత్తది వేయవచ్చునా, లేక మొత్తము దిమ్మెనే మార్చవలయునా? 130 కిలోవాట్లకు మించిన నౌకాయంత్రమునకు అంతర్జాతీయ ధూమనియమముల ననుసరించిన ధ్రువపత్రము, దానితో భాగముల సంఖ్యలు గల సాంకేతిక గ్రంథము ఉండవలసియున్నవి. ఆ కాగితములు అడుగుడు. అమ్మువాడు తడబడెనా, ఆ ఇంజను పుట్టుక సముద్రముకొరకు కాదని యనుమానింపుడు.

మూడవది వయస్సు. గుజరాతులోని అలంగ్ తీరమున విరుగగొట్టిన ఓడలనుండి తీసిన యంత్రములు అంగళ్లకు వచ్చుచున్నవి. పాతదానిని పాతదని చెప్పి అమ్మిన దోషము లేదు. రంగువేసి క్రొత్తదని అమ్మినప్పుడే మోసము. దిమ్మెమీది సంఖ్య, పలకమీది సంఖ్య, కాగితముమీది సంఖ్య మూడును ఒక్కటేనా? క్రాంకును సానబట్టి సన్నని బేరింగులు వేసిరా? చల్లని ఇంజనును ముట్టించి పొగను చూడుడు. వేడెక్కినపిమ్మటకూడ నీలిపొగ వచ్చెనా, నూనె కాలుచున్నది. తెల్లపొగ ఆగదా, డీసిలు సరిగ మండుట లేదు, లేదా నీరు లోనికి పోవుచున్నది. భారముమీద నల్లపొగ క్రమ్మెనా, గాలి చాలలేదు, లేదా మోయలేని భారము మోయుచున్నది. ఒడ్డున ఉత్తగ తిప్పిచూపిన ఇంజనును నమ్మవలదు. బోటున బిగించి, నీటిలో పూర్తిభారముతో నడిపిచూచిన తరువాతనే సొమ్ము పూర్తిగ చెల్లింపవలయును.

ఈ మూడును చాలమంది మేస్త్రీలకు తెలిసినవే. మన దేశమున ఉపేక్షింపబడుచున్నది నాలుగవది. అదియే అన్నిటికంటె ముఖ్యమైనది. అదే విడిభాగముల సంగతి. ఇంజను ఒక్కసారి కొనునది; విడిభాగము జీవితాంతము కొనునది. నాజిలు, రింగులు, గాస్కెట్టు, పంపుచక్రము, బేరింగులు, వడపోత గుడ్డలు: ఇవి దొరకనిచో ఎంత గొప్ప ఇంజనైనను ఇనుపదిమ్మె. కొనకముందు అడుగవలసిన ప్రశ్నలివి. భాగముల పుస్తకము చేతికిత్తురా? తరచుగ పోవు ఇరువది భాగములు నేడు మన రేవుకు ఎంత దూరమున, ఎవరి గిడ్డంగిలో, ఎంత వెలకున్నవి? ఈ నమూనా ఇంజను మన తీరమున ఎన్ని బోట్లలో నడుచుచున్నది? పంపునాజిళ్లను సరిచేయుటకు ఊరి మేస్త్రీ చాలునా, లేక కంపెనీవాని కంప్యూటరు తగిలించిన గాని యంత్రము నోరు విప్పదా?

విశాఖపట్నపు రేవులోని మరబోట్ల యజమానులు అశోక్ లేలాండ్ వంటి ఇంజనులను చిరకాలముగ వాడుచు వచ్చిరి. లోకమున వానికి మించిన ఇంజను లేదనియా? కాదు. లారీలు తిరుగు ప్రతి పట్టణమున వాని జాతి భాగములు దొరకుననియు, వానిని విప్పి బిగింపగల చేతులు పేటపేటనున్నవనియు వారెరుగుదురు. చదువు లేనివాడని మనమెవరిని చిన్నచూపు చూచుచున్నామో, ఆ జాలరి మన వాణిజ్యశాస్త్రజ్ఞులకంటె ముందే ఈ సత్యమును గ్రహించియున్నాడు.

ఇక న్యాయమేమనుచున్నది? ఇది నా వృత్తి గనుక కొంచెము విపులముగ చెప్పెదను. 1930 నాటి సరకుల విక్రయచట్టమునందలి 16వ సెక్షను ప్రకారము, కొనువాడు తన ప్రయోజనమును తెలిపి, అమ్ము వర్తకుని నేర్పును నమ్మి కొన్నచో, సరకు ఆ ప్రయోజనమునకు తగియుండవలయును. కాని పేటెంటు పేరుతోగాని వాణిజ్యనామముతోగాని అడిగి కొన్నచో ఈ రక్షణ తొలగిపోవును. కావున “ఫలానా కంపెనీ ఇంజను కావలె”నని వ్రాయవలదు. “ఇంత పొడవు బోటునకు, వలలాగు వేటకు, ఇన్ని గంటలు ఎడతెగక నడచు ఇంజను కావలె”నని వ్రాసి, వ్యాపారిచేత సంతకము చేయించుకొనుడు. ఆ ఒక్క కాగితము కోర్టున నూరు సాక్ష్యముల పెట్టు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టమున, స్వయంవృత్తితో జీవనోపాధికై కొన్నవాడు వ్యాపారార్థము కొన్నవాడుగ లెక్కింపబడడు. వ్యాపారి బొంబాయిలో నున్నను ఫిర్యాదును తాను నివసించు జిల్లాలోనే దాఖలు చేసికొనవచ్చును. గడువు రెండేండ్లు. ఇవి మన చేతిలోనున్న ఆయుధములు, పదును పెట్టుకొందము.

అయితే ఈ ఆయుధములు చేరని చోటొకటి కలదు. అమ్మిన ఇంజనునకు ఇన్నేండ్లవరకు విడిభాగములు నిలువయుంచి తీరవలయునని విక్రేతను నిర్బంధించు విధి మన చట్టములలో లేదు. కేంద్రప్రభుత్వము 2022లో “మరమ్మతు హక్కు” పేరిట ఒక సంఘమును నియమించి, ఆ సంవత్సరాంతమున ఒక వేదికను నెలకొల్పినది. మంచిపని. దానికెన్నుకొన్న రంగములు నాలుగు: వ్యవసాయపరికరములు, మొబైలు ఫోనులు-ఎలక్ట్రానికు వస్తువులు, గృహోపకరణములు, మోటారువాహనములు. సముద్రమునడుమ ఆరుగురి ప్రాణములు మోయు ఇంజను ఈ నాలుగింటిలో నెక్కడ? చేతిలోని ఫోను చెడినచో మాట ఆగును; నడిసముద్రమున ఇంజను చెడినచో మనుష్యుడే ఆగిపోవును! ఐరోపా దేశములలో 2021 మార్చి మొదలు ఇంటి బట్టలుతుకు యంత్రమునకు సైతము ముఖ్య విడిభాగములు పదేండ్లపాటు దొరకునట్లు చేయవలెనని శాసనమున్నది. అచ్చట చొక్కాకున్న రక్షణ ఇచ్చట జాలరి కడుపునకు లేకుండుట మనకు సిగ్గుచేటు కాదా?

ఇది పేదవాని సమస్య మాత్రమేయని తలచువారు రాజ్యముల గతి చూడుడు. థాయిలాండు దేశము 2017లో చైనాతో ఒక జలాంతర్గామికి ఒడంబడిక చేసికొనెను. ఓడ చైనాది, దానికి బిగింపవలసిన డీసిలు ఇంజను జర్మనీది. చైనాకు ఆయుధసామగ్రి అమ్మరాదను ఐరోపావారి నిషేధమును చూపి జర్మనీ ఆ ఇంజను నిచ్చుటకు నిరాకరించినది. ఓడ ఏండ్లతరబడి నిలిచిపోయినది. తుదకు 2025 ఆగస్టులో థాయి మంత్రివర్గము చైనా ఇంజనుకే తలయూపవలసి వచ్చినది. ఒక సర్వస్వతంత్ర రాజ్యమే మూడవవాని యనుమతికై ఇన్నేండ్లు కాచుకొన్నప్పుడు, మా తీరపు జాలరి రబ్బరుచక్రమునకై రెండు నెలలు కాచుకొనుటలో వింత యేమున్నది? రోగమొక్కటే, రోగి మాత్రము వేరు.

మన సంగతి చూతము. 1906లో చిదంబరం పిళ్లెగారు తూత్తుకుడిలో స్వదేశీ స్టీము నావిగేషను కంపెనీని స్థాపించి, విదేశమునుండి ఓడలు కొనితెచ్చి తెల్లవారి కంపెనీతో పోటీ పడిరి. ఛార్జీలు తగ్గించి, కారాగారమునకు పంపి, 1911 నాటికి ఆ కంపెనీని నేలమట్టము చేసిరి. పిమ్మట 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు మన విశాఖపట్నమున సింధియావారి ఓడల కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న నెహ్రూగారి చేతులమీదుగ “జల ఉష” నీట దిగెను. ఆనాడు దేశమంతయు విశాఖవైపు చూచినది. పొట్టు మనదైనది, గుండెకాయ సంగతి యేమి? 2025 ఏప్రిలులో రక్షణశాఖ పూనాలోని కిర్లోస్కరువారితో ఆరు మెగావాట్ల నౌకాడీసిలు ఇంజను రూపకల్పనకు ఒప్పందము చేసికొనుచు, పెద్దశక్తిగల ఇంజనులలో అధికభాగము అంతవరకు విదేశములనుండియే తెచ్చుకొనుచుంటిమని తానే ఒప్పుకొన్నది. ఆ పనికి 270 కోట్ల రూపాయలు. అందు నూటికి డెబ్బది వంతులు ప్రభుత్వధనము. “జల ఉష” నీట దిగిన 77 ఏండ్లకు ఈ అడుగు పడినది. ఆలస్యమైనను అడుగు అడుగే, అభినందింపవలసినదే. కాని ఆలస్యమునకు వెల చెల్లించినవారెవరో మరువరాదు.

“స్వదేశీ యని నాసిరకము మా నెత్తిన రుద్దెదరా?” యని కొందరడుగుదురు. సరియైన ప్రశ్న. స్వదేశపు ఇంజనైనను భాగములు దొరకనిచో దానిని అంతే కఠినముగ నిందింతును. విదేశపు ఇంజనైనను పుస్తకమిచ్చి, భాగములు నిలువయుంచి, మన పిల్లలకు పని నేర్పినచో దానికి స్వాగతము పలుకుదును. విద్యకు దేశము లేదు. ఈ యంత్రమును 1897లో జర్మనీలోని ఔగ్స్‌బర్గున నడిపిచూపినవాడు రుడాల్ఫు డీసిలు. దానిని జపానువారు వెలివేయలేదు. విప్పి చూచిరి, నేర్చుకొనిరి. 1933లో యమ్మారువారు చిన్న డీసిలు ఇంజనును తామే నిర్మించి రైతునకును జాలరికిని అందించిరి. కొరియావారు పరదేశపు లైసెన్సులతో ఓడయంత్రములు చేయుచు చేయుచు, 2000 సంవత్సర ప్రాంతమున హ్యుందాయి కర్మాగారమున తమ సొంత రూపకల్పనతోనే ఇంజనును తీసికొనివచ్చిరి. వారు కొన్నప్పుడు విద్యకూడ కొనిరి. మనము కొన్నప్పుడు రసీదు మాత్రమే కొంటిమి. భేదమంతయు నిచ్చటనే యున్నది.

కావున మన కోరికలు నాలుగు. మొదటిది: నౌకాయంత్రములను మరమ్మతు హక్కు పరిధిలో చేర్చి, దిగుమతిచేసినవాడుగాని తయారుచేసినవాడుగాని అమ్మిన తేదీనుండి పదేండ్లు విడిభాగములు నిలువయుంచునట్లు శాసనము చేయవలయును. రెండవది: మత్స్యసంపద యోజనమువంటి పథకములక్రింద రాయితీ పొందు ప్రతి ఇంజనునకును ఆ నిలువను రాయితీకి షరతుగ విధింపవలయును; ప్రజాధనము దిక్కులేని యంత్రములపై పోరాదు. మూడవది: భాగముల పుస్తకమును, నడుపు విధానమును తెలుగులో ఇయ్యవలయును, సరంగునకు రాని భాషలో వ్రాసిన హెచ్చరిక హెచ్చరికయే కాదు. నాలుగవది: రేవురేవున జాలరుల సహకారసంఘము ఒక భాగముల కొట్టు నడుపవలయును; దాని ప్రక్కనే ఐ.టి.ఐ. చదివిన తీరగ్రామపు కుర్రవానికి నాజిలుపరీక్ష యంత్రమొకటి ఇయ్యవలయును. ఈ నాల్గవది మనము రేపే మొదలుపెట్టవచ్చును. ఢిల్లీ అనుమతి యక్కరలేదు.

అంతవరకు చదువరులారా, మీరు చేయగల పని యొకటి కలదు. మన పఠనమందిరములలో అక్షరము వచ్చినవారు చాలమంది కలరు. తీరమునుండి బంధువో, పరిచితుడో ఇంజను కొనబోవుచున్నాడని విన్నప్పుడు ఒక సాయంకాలము అతనితో కూర్చుండి ఒప్పందపు కాగితము చదివిపెట్టుడు. పైన చెప్పిన ప్రశ్నలను ఒక తెల్లకాగితముపై వ్రాసి అతని చేతికిండు. వ్యాపారి సమాధానమును నోటితో కాక కలముతో తీసికొమ్మని చెప్పుడు.

నాయొద్దకు వచ్చిన యజమానికి రాజీసొమ్ము కొంత ముట్టినది. పోయిన వేటకాలము ముట్టలేదు. ఆ ఇంజను నేటికిని ఒడ్డున తాటిమట్టలక్రింద తుప్పుపట్టుచున్నది. రంగు వెలిసినది, పలకమీది అశ్వశక్తి అంకె మాత్రము చెక్కుచెదరలేదు. దానిని చూచినప్పుడెల్ల నాకొక్కటే తోచును. తాళము మన ఇంటిదై, తాళపుచెవి పరాయివాని మొలలో నున్నంతకాలము ఆ ఇల్లు మనదని చెప్పుకొనుట వట్టి మాట. తాళపుచెవి అడుగుదము. ఇయ్యనివానియొద్ద తాళము కొనకుందము.

— గజపతినగరమునుండి ఒక న్యాయవాది